పిల్లలమర్రి వైపు ఫ్లాట్ కిరాయికి తీసుకోవచ్చా? పాలమూరువాళ్లు చెప్పండి

గోధూళి:
అందరికీ నమస్కారం. నాకు మహబూబ్‌నగర్‌కు బదిలీ అయింది. ఇన్నాళ్లూ కల్వకుర్తిలో ఉన్నాం. స్కూళ్లు తెరిచేలోపు ఇల్లు కుదుర్చుకోవాలి. ఇంట్లో మేమిద్దరం, నాలుగో తరగతిలోకి వచ్చే మా బాబు, మా అత్తమ్మ. అత్తమ్మకు షుగర్, పైగా మోకాళ్ల నొప్పులు. రోజూ కాసేపు నడవాలని డాక్టర్ గట్టిగా చెప్పారు.

ఊరి బయట పాత మర్రిచెట్టున్న పిల్లలమర్రికి వెళ్లే దారిలో ఒక అపార్ట్‌మెంట్‌లో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ చూశాం. రెండో అంతస్తు, లిఫ్ట్ ఉంది. కిరాయి 11 వేలు, మెయింటెనెన్స్ వెయ్యి. అడ్వాన్స్ మూడు నెలలది అడుగుతున్నారు. బాల్కనీలో నిలబడితే పచ్చగా చెట్లు కనిపిస్తాయి, గాలి బాగా వస్తుంది. మా ఆయనకు చూడగానే నచ్చేసింది. పొద్దున్నే అమ్మను మర్రిచెట్టు దగ్గరికి తీసుకెళ్లొచ్చు అంటున్నారు. ఊళ్లో క్లాక్ టవర్ దగ్గర అదే సైజు ఇల్లు 9 వేలకు దొరుకుతోంది కానీ సందు ఇరుకు, బండి పెట్టడానికి చోటు లేదు. అటువైపు ఉంటున్నవాళ్లు కష్టసుఖాలు చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

మెట్టుగడ్డ:
అక్కా, ముందు నడక సంగతి చెప్తా. పిల్లలమర్రి అంటే ఇందిరా పార్కులా రోజూ పొద్దున లోపలికెళ్లి నాలుగు రౌండ్లు కొట్టే చోటు కాదు. టికెట్ ఉంటుంది, గేటు తీసే వేళ ఉంటుంది. లోపల చెట్టు ఉంది, మ్యూజియం ఉంది, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని తెచ్చి మళ్లీ కట్టిన రాజరాజేశ్వరస్వామి గుడి ఉంది. చుట్టాలొస్తే తీసుకెళ్లడానికి అంతకంటే మంచి చోటు పాలమూరులో లేదు. కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ రోజూ నడవాలంటే అపార్ట్‌మెంట్ ముందు రోడ్డు ఎలా ఉందో చూసుకోండి. ఫుట్‌పాత్ ఉందా, వీధి దీపాలు వెలుగుతాయా, కుక్కలున్నాయా? పొద్దున ఐదున్నరకు ఒకసారి వెళ్లి చూడండి. ఓనర్‌ను అడిగితే అన్నీ బాగున్నాయనే అంటాడు.

నడకకైతే పెద్దచెరువు కట్ట బాగుంటుంది. అది ఊళ్లోనే ఉంది.

రాత్రి డ్యూటీ:
నేను ఆస్పత్రిలో నర్సును. పిల్లలమర్రి రోడ్డులోనే ఒక కాలనీలో ఉండి, ఈ మధ్యే ఊళ్లోకి మారాను. పొద్దున, సాయంత్రం ప్రశాంతంగా ఉంటుంది, అది నిజం. ఆదివారాలు, సెలవు రోజులు మాత్రం కార్లు, ఆటోలు బాగా తిరుగుతాయి. అది పెద్ద ఇబ్బందేమీ కాదు. నాకు కష్టమైంది రాత్రి పూట రాకపోకలు. సెకండ్ షిఫ్ట్ దిగేసరికి ఆ వైపు షేర్ ఆటోలు దొరకవు, ఒక్కదాన్నే ఆటో మాట్లాడుకోవాలి. డబ్బు సంగతి పక్కన పెడితే, రోజూ అదే టెన్షన్. మీకు సొంత బండి ఉండి, సాయంత్రం ఆరుకల్లా ఇంటికి చేరే ఉద్యోగమైతే ఈ బాధ ఉండదు.

ఇంకోటి అక్కా. షుగర్ ఉన్న అత్తమ్మకు రాత్రి ఏదైనా అయితే ఆస్పత్రికి ఎంతసేపట్లో చేరతారో ఒకసారి బండి మీద వెళ్లి చూసుకోండి. ఊరు నుంచి పిల్లలమర్రి నాలుగు కిలోమీటర్లే కదా అనుకుంటాం. మధ్యలో ట్రాఫిక్ ఆగే చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసి ఉండాలి.

అచ్చంపేట అడవి:
కోతులు! ఎవరూ చెప్పలేదు, నేను చెప్తున్నా. చెట్లు ఎక్కువ ఉన్న చోట ఇల్లు తీసుకునేవాళ్లు బాల్కనీకి గ్రిల్ ఉందా లేదా అని మొదటే చూడాలి. మా పిన్ని వాళ్లు మహబూబ్‌నగర్‌లోనే ఉంటారు. వంటింటి కిటికీ దోమల జాలీ చింపి, చక్కెర డబ్బా మూత తీసి తిన్నాయి. ఆరేసిన బట్టలు పక్క బిల్డింగ్ మీద దొరికాయి. టెర్రస్ మీద ట్యాంకు మూతలకు గొలుసు వేసి ఉందో లేదో పైకెక్కి చూడండి. లేదంటే ఆ నీళ్లే మీరు స్నానానికి వాడాలి.

మెట్టుగడ్డ:
కరెక్ట్ చెప్పావ్ తమ్ముడూ. ఇంకా గ్రిల్ ఎవరు పెట్టించాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. "మీరు పెట్టించుకోండి, ఖాళీ చేసేటప్పుడు తీసుకుపోండి" అంటారు. తీసుకుపోయి ఏం చేస్తాం? ఆ సైజు ఇంకో ఇంటికి సరిపోదు.

పెద్దచెరువు:
నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి, పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. ఇంటి సంగతులు మిగతావాళ్లు చెప్తున్నారు. నేను ఆ చెట్టు గురించి రెండు మాటలు రాస్తాను. దాని పక్కన ఉండబోయేవాళ్లు తెలుసుకోవాల్సినవే.

ఆ మర్రికి సుమారు 700 ఏళ్లంటారు. మూడు నాలుగు ఎకరాల మీద పరుచుకుంది, అసలు మొదలేదో కొత్తవాళ్లు కనుక్కోలేరు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు ఈ ఊరికి రాకముందు నుంచే, పాలమూరు అని పిలుచుకున్న రోజుల నుంచే అది అక్కడుంది. దాని నీడలోనే సమాధులున్నాయి, అన్ని మతాలవాళ్లూ వచ్చి మొక్కుకుంటారు.

అలాంటి చెట్టు మన కళ్ల ముందే పోయేంత పనైంది. చెదలు లోపల తినేసి, కొమ్మలు బరువుకు విరిగిపడ్డాయి. జనం ఊడలు పట్టుకుని ఊగడం, బెరడు మీద కత్తితో పేర్లు చెక్కడం వల్ల దెబ్బ మీద దెబ్బ. 2017 డిసెంబర్‌లో సందర్శకులను రానివ్వడం కొంతకాలం ఆపేశారు. మరుసటి ఏడాది వైద్యం మొదలుపెట్టారు. క్లోరోపైరిఫాస్ అనే చెదల మందును నీళ్లలో కలిపి ముందు చెట్టుకు రంధ్రాలు చేసి పోశారు, అది కారిపోయింది. అప్పుడు సెలైన్ సీసాల్లో నింపి కొమ్మలకు వేలాడదీశారు. వందల సీసాలు! ఒక్కో సీసా నుంచి సన్నటి గొట్టం, దాని సూది బెరడులోకి. చుక్క చుక్కగా మందు దిగేది. ఆస్పత్రి వార్డులో మనిషికి ఎక్కించినట్టే. బరువైన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు, లేత ఊడలు నేల దాకా క్షేమంగా దిగేలా గొట్టాల్లోంచి దింపారు. అటవీశాఖ సిబ్బంది పడ్డ ఆ శ్రమ వల్లే ఈ రోజు మీరు బాల్కనీలోంచి ఆ పచ్చదనం వైపు చూడగలుగుతున్నారు.

అందుకే ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. రాలిన ఆకులు, ప్లాస్టిక్ కుప్పపోసి తగలబెట్టకండి. మీ అపార్ట్‌మెంట్‌లో చెత్త బండి ఎప్పుడొస్తుందో అడిగి, రాకపోతే కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేయండి. చెట్టును చూపించి ఫ్లాటు రేటు పెంచడం అందరికీ తెలుసు. చెట్టు కోసం ఒక్క మాట అడిగేవాళ్లు మాత్రం కనబడటం లేదు.

గోధూళి:
సార్, మీరు రాసింది మా బాబుకు చదివి వినిపించాను. సెలైన్ సీసాల సంగతి విన్నాక వాడికి ఇప్పుడే వెళ్లి చూడాలని ఉంది. చెత్త బండి గురించి తప్పకుండా అడుగుతాను.

నల్లగొండ నీళ్లు:
చెల్లెమ్మా, మాది నల్లగొండ. గాలి, చెట్లు, గ్రిల్స్ అన్నీ తర్వాత, ముందు నీళ్లు. వంటింట్లో తాగేనీళ్లకు ఏ నల్లా, గిన్నెలు కడిగే నల్లా ఏది? రెండింటికీ ఒకటే పైపా? సంపులో బోరు నీళ్లు, మున్సిపల్ నీళ్లు కలిపేస్తున్నారా? ఈ మూడూ అడగకుండా అడ్వాన్స్ చేతిలో పెట్టకండి.

ఫ్లోరైడ్ ఏం చేస్తుందో మా జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పళ్ల మీద గోధుమరంగు చారలతో మొదలై ఎముకల దాకా పోతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తేర్చే పద్ధతికి దేశమంతా మా ఊరి పేరే ఉంది, నల్లగొండ టెక్నిక్ అని. పాలమూరు పల్లెల్లోనూ కొన్ని చోట్ల ఈ సమస్య ఉంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. చాలామంది నీళ్లు మరిగిస్తే చాలనుకుంటారు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. చేతి గడియారమంత టీడీఎస్ మీటరు చూపించి "నీళ్లు ఫస్ట్ క్లాస్" అనే వాళ్లను నమ్మకండి. అది మొత్తం లవణాలు చెప్తుంది గానీ ఫ్లోరైడ్ విడిగా చెప్పదు. ఒక సీసా నీళ్లు పట్టుకెళ్లి ల్యాబులో పరీక్ష చేయించండి. నాలుగో తరగతి పిల్లాడు ఉన్న ఇల్లు, పళ్లు వచ్చే వయసు.

ఇంకో చిన్న గుర్తు. బాత్రూం నల్లా మూతి, షవర్ రంధ్రాలు చూడండి. తెల్లగా సున్నం గడ్డకట్టి ఉంటే ఆ నల్లాలో వచ్చేది కఠిన జలం, ఎక్కువగా బోరు నీళ్లే అయ్యుండొచ్చు.

మెట్టుగడ్డ:
ఈ అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఒకప్పుడు పాలమూరులో మంచినీళ్ల నల్లా కోసం రోజుల తరబడి ఎదురుచూసేవాళ్లం. రామన్‌పాడు, కోయిల్‌సాగర్ జలాశయాల నీళ్లు, తర్వాత ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ వచ్చాక చాలా మారింది. అయినా ఊరి చివరి కాలనీలకు, పై అంతస్తులకు నీళ్లెలా ఎక్కుతాయన్నది ఆ బిల్డింగ్‌ను బట్టి ఉంటుంది. ఇది రాతి నేల, ఏప్రిల్, మే వచ్చేసరికి బోర్లు దిగిపోతాయి. పోయిన ఎండాకాలం ఎన్ని ట్యాంకర్లు తెప్పించారో, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లోనే కలుపుతారా, విడిగా వసూలు చేస్తారా అని వాచ్‌మన్ భార్యను అడగండి. ఆమెకు తెలిసినంత ఓనర్‌కు తెలియదు.

ఇంటి ఓనర్:
అందరూ ఓనర్లనే అంటున్నారు, కాబట్టి నా వైపు కూడా వినండి. నాకు ఈ ఊళ్లో రెండు ఫ్లాట్లున్నాయి, బ్యాంకు లోను మీద కొన్నవి. ఒకాయన మూడు నెలల కరెంటు బిల్లు కట్టకుండా, తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్లిపోయాడు. మీటరు నా పేరు మీద ఉంది, బాకీ నేనే కట్టాను. అడ్వాన్స్ అడిగేది అందుకే. కానీ మూడు నెలలది ఈ ఊరికి ఎక్కువే, రెండు నెలలది మామూలు. గట్టిగా అడగండి, తగ్గుతారు.

అగ్రిమెంట్ 11 నెలలకే ఎందుకు రాస్తారని కొత్తవాళ్లకు అనుమానం వస్తుంది. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలి, దానికి ఖర్చుంటుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఈ 11 నెలలు. అందులో మోసం లేదు. మీరు చూసుకోవాల్సిన లైన్లు వేరే ఉన్నాయి. ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏటా కిరాయి ఎంత శాతం పెంచుతారు, పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారు. పెయింటింగ్ కింద ఒక నెల కిరాయి కోసుకోవడం మన దగ్గర అలవాటుగా మారింది. అయితే ఏడాది లోపే ఖాళీ చేసినవాళ్లకు కూడా అంతే కోయడం న్యాయం కాదని నేనైతే అనుకుంటాను. ఎన్నాళ్లుంటే ఎంత కోస్తారో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట మీద వదిలేస్తే చివర్లో ఇద్దరికీ మనస్తాపమే.

చేరే రోజు గోడలు, స్విచ్‌బోర్డులు, నల్లాలు, మీటరు రీడింగు అన్నీ ఫోన్‌లో వీడియో తీసి ఓనర్‌కు వాట్సాప్‌లో పంపండి. నేనే మా టెనెంట్లకు చెప్పి తీయిస్తాను.

సంధ్య వేళ:
ఓనర్ గారూ, మీరు మంచిగా మాట్లాడుతున్నారు కాబట్టి ఒక మాట. ఇల్లు చూడ్డానికి వెళ్తే గదులు చూపించే ముందే "మీరేంటోళ్లు?" అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. మేము సమాధానం చెప్పగానే "మా తమ్ముడు దిగుతానంటున్నాడు, మళ్లీ ఫోన్ చేస్తాం" అన్నారు. ఫోన్ రాలేదు. టులెట్ బోర్డు మాత్రం అలాగే వేలాడుతోంది. నాకూ మా ఆయనకూ మంచి ఉద్యోగాలున్నాయి, కిరాయి ఎప్పుడూ ఒక్క రోజు ఆలస్యం చేసినవాళ్లం కాదు. చెట్టు కింద అందరికీ చోటుందని సార్ రాశారు. ఆ రోడ్డు మీది ఇళ్లలో కూడా ఉండాలి కదా.

ఇంటి ఓనర్:
అమ్మా, మీరన్నది నిజం. నేను అడిగేది ఉద్యోగం, ఇంతకు ముందు ఉన్న ఇంటి ఓనర్ నంబరు. అంతకు మించి అడగాల్సిన పని ఎవరికీ లేదు. మా రెండు ఫ్లాట్లలో ఏది ఖాళీ అయినా ముందు మీకే చెబుతాను, మెసేజ్ పెట్టండి.

లెక్కల సారు:
గోధూళి గారూ, రెండు లెక్కలు చూసుకోండి. మొదటిది కరెంటు. ఆ ఫ్లాట్‌కు విడిగా మీటరు ఉందా, లేక పక్క పోర్షన్‌తో కలిపి ఒకటే మీటరా? ఇళ్ల కరెంటుకు నెలకు వంద దాటి 200 యూనిట్ల లోపు వాడితే యూనిట్‌కు మొదటి వందకు 3.40, తర్వాతి వందకు 4.80 లెక్కన, 200 యూనిట్లకు మొత్తం 820 రూపాయలు. అదే 210 వాడితే శ్లాబు మారిపోతుంది. మొదటి 200కూ 5.10 చొప్పున 1,020, పై పదికి 7.70 చొప్పున 77, కలిపి 1,097. పది యూనిట్లకు 277 రూపాయలు తేడా. ఇది యూనిట్ల ఛార్జీ మాత్రమే, మిగతావి అదనం. రెండిళ్లకు ఒకే మీటరైతే మీరు పొదుపు చేసినా పై శ్లాబులో పడిపోతారు. రేషన్ కార్డు ఉన్నవాళ్లకు 200 యూనిట్ల లోపు ఉచితమిచ్చే గృహజ్యోతి కిరాయికి ఉండేవాళ్లకూ వర్తిస్తుంది. దానికి కూడా మీ ఇంటి మీటరు నంబరు విడిగా ఉండాలి.

రెండోది మీ జీతం లెక్క. పాత పన్ను విధానంలో ఉండి హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి కిరాయి భత్యం) మినహాయింపు అడిగేటట్లయితే, ఏడాది కిరాయి లక్ష దాటితే ఓనర్ పాన్ నంబరు మీ ఆఫీసులో ఇవ్వాలి. నెలకు 11 వేలంటే ఏడాదికి 1,32,000. అడ్వాన్స్ ఇచ్చే ముందే పాన్ ఇస్తారో లేదో అడగండి. మార్చిలో అడిగితే ఓనర్లు ఫోన్ ఎత్తరు. కిరాయి కూడా బ్యాంకు ద్వారానే పంపండి.

రాత్రి డ్యూటీ:
ఒకటి మర్చిపోయాను. రెండో అంతస్తు అన్నారు, దాని పైన ఇంకో అంతస్తు ఉందా? మన దగ్గర ఎండాకాలం 42 డిగ్రీలు దాటుతుంది. నెత్తిన శ్లాబు ఒక్కటే ఉంటే రాత్రి పదకొండు దాకా గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి. పడమటి గోడకు బెడ్‌రూం ఉంటే మరీ ఘోరం. మర్రిచెట్టు నీడ దాని కిందే ఉంటుంది, అరకిలోమీటరు అవతల ఉన్న మన బెడ్‌రూం దాకా రాదు. మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి.

పెద్దచెరువు:
అమ్మాయి చెప్పింది ఒప్పుకుంటాను, కానీ పూర్తిగా కాదు. పొద్దుటి పూట ఆ వైపు గాలిలో తేడా తెలుస్తుంది. పిల్లలు చెట్లూ పిట్టలూ చూస్తూ పెరగడానికి వెల కట్టలేం. ఊరి నడిమధ్య సందులో పెరిగే పిల్లాడికి అది దొరకదు.

రాత్రి డ్యూటీ:
సార్, మీ మాట కాదనను. పిల్లాడి సంగతి మీరన్నట్టే. నేను అత్తమ్మ గురించి ఆలోచిస్తున్నాను. పగలంతా ఆ ఇంట్లో ఉండేది ఆమె ఒక్కతే.

గోధూళి:
అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని మేమిద్దరం మళ్లీ వెళ్లాం.

మధ్యాహ్నం వెళ్లాం. మేం చూసినదే చివరి అంతస్తు, పైన టెర్రస్. పడమటి గోడ నిజంగానే కాలుతోంది. వాచ్‌మన్ భార్య చాలా మంచావిడ, దాపరికం లేకుండా చెప్పింది: మే నెలంతా ట్యాంకర్లు, ఆ ఖర్చు ఇంటింటికీ వేరే. వంటింట్లో నల్లా మూతి తెల్లగా గడ్డకట్టి ఉంది. మున్సిపల్ నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులోకి పోతాయట. పాన్ అడిగితే ఓనర్ "చూద్దాం" అన్నారు, ఇస్తానని అనలేదు.

ఆమే ఇంకో ఇల్లు చూపించింది. అదే రోడ్డు మీద, ఊరికి కాస్త దగ్గరగా ఉన్న చిన్న మూడంతస్తుల బిల్డింగ్. అందులో మొదటి అంతస్తు. బాల్కనీలోంచి చెట్లేమీ కనిపించవు, ఎదురుగా ఒక వేపచెట్టు, కిరాణా కొట్టు. కిరాయి 10 వేలు, అడ్వాన్స్ రెండు నెలలది. మున్సిపల్ నీళ్లకు వేరే చిన్న ట్యాంకు, వంటింట్లోకి దాని పైపే వస్తుంది. మీటరు విడిగా ఉంది. గ్రిల్ వేసే ఉంది. ఓనర్ టీచరమ్మ, పాన్ నంబరు అడగకముందే ఇస్తానన్నారు. ఆస్పత్రి దాకా బండి మీద వెళ్లి చూశాం, దారి పర్వాలేదు. మా అత్తమ్మ మెట్ల మీద రెండుసార్లు ఎక్కి దిగి, "ఇక్కడైతే ఉండగలను" అన్నారు. తాగేనీళ్ల సీసా ల్యాబులో ఇచ్చాం, రిపోర్టు రాగానే అగ్రిమెంట్ చేసుకుంటాం.

మా ఆయనకు ఆ పాత బాల్కనీ పోయిందని కాస్త బాధగానే ఉంది. సెలవు రోజు పొద్దున్నే, జనం రాకముందే బాబును, అత్తమ్మను పిల్లలమర్రికి తీసుకెళ్లాలని అనుకున్నాం.

నల్లగొండ నీళ్లు:
మంచి నిర్ణయం చెల్లెమ్మా. రిపోర్టులో ఫ్లోరైడ్ ఎంతుందో ఇక్కడ రాయండి, ఆ వైపు చూసే మిగతావాళ్లకూ పనికొస్తుంది. ఎక్కువొస్తే ఆర్‌ఓ ఫిల్టరు పెట్టించమని అగ్రిమెంట్‌కు ముందే అడగండి.

సంధ్య వేళ:
అక్కా, ఆ బిల్డింగ్‌లో ఇంకో ఫ్లాట్ ఖాళీ ఉందా? టీచరమ్మ నంబరు నాకు మెసేజ్ పెట్టగలరా?

గోధూళి:
పై అంతస్తు వచ్చే నెల ఖాళీ అవుతుందట. ఆమెను అడిగి నంబరు ఇప్పుడే పంపిస్తాను. పై అంతస్తే కాబట్టి మధ్యాహ్నం వెళ్లి గోడ చూసుకోండి.